పుస్తకంలో లేని వాక్యం

ఆ వీధిలో అందరూ ఆమెను జిప్పులమ్మ అంటారు. అసలు పేరేమిటని అడిగితే ఎదురింటి లాండ్రీ ఆయన కూడా బుర్ర గోక్కుంటాడు. తెగిన జిప్పులు మార్చడం, ప్యాంటు కాళ్ళు పొట్టి చేయడం, పెళ్ళికి కుట్టించుకున్న కోటును ఇరవై ఏళ్ళ తర్వాత పెరిగిన పొట్టకు ఎలాగోలా సర్దడం ఆమె వృత్తి. కొత్త బట్టలు కుట్టమంటే కుట్టదు. కొత్తవి కుట్టేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, ఒకడు కుట్టి చెడగొట్టినదాన్ని దారిలో పెట్టేవాళ్ళే లేరని ఆమె గర్వం. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ దగ్గర కుట్టుమిషను, గోడకు నిలువుటద్దం, కొలతలిచ్చేవాళ్ళు ఎక్కి నిలబడటానికి ఒక ఎత్తు పీట, వాటి వెనక ఒక కర్టెన్. కర్టెన్ అవతల సంసారం.

ఆ సంసారంలో ఉన్నది ఇద్దరే, ఆమె, లాటిన్ మాస్టారు. పిల్లలు కలగలేదు. ఆ బాధ పడాల్సినన్నాళ్ళు పడి, తర్వాత ఇద్దరూ దాని జోలికి పోవడం మానేశారు. ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తండ్రి పోయాక యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరి, తొమ్మిదేళ్ళు కాలర్లు తప్ప ఇంకేమీ కుట్టలేదు. ఆ ఫ్యాక్టరీ పక్కనే మగపిల్లల స్కూలు. చిరిగిన కోటు మోచేయి పట్టుకుని ఒకరోజు గేటు దగ్గరకొచ్చి, ఇది బాగుపడుతుందా అని అడిగిన కుర్ర మాస్టారే తర్వాత మొగుడయ్యాడు. కోటు కూడా బాగుపడింది.

లాటిన్ అంటే ఇప్పుడు ఎవరూ ఇంట్లో మాట్లాడుకోని భాష. మాట్లాడినవాళ్ళు ఎప్పుడో పోయారు. పోతూ పోతూ వాళ్ళ వ్యాకరణాన్ని మాత్రం పిల్లల ప్రాణాలు తోడేయడానికి వదిలిపెట్టి వెళ్ళారు. ఆ స్కూలు పెట్టిన పెద్దమనిషి వీలునామాలో రాసి చచ్చాడు కాబట్టి అక్కడ అది ఇంకా చెబుతున్నారు, లేకపోతే ఎవడిక్కావాలి? మాస్టారు ముప్పై ఒక్క ఏళ్ళు అదే ఎర్ర అట్ట పుస్తకం, అవే నలభై పాఠాలు చెప్పారు. మీ వాళ్ళు ఇవాళ ఏమంటున్నారండీ, ఎవరైనా లేచారా అని జిప్పులమ్మ ఆటపట్టించేది. నీ జిప్పుల్లా ఊరికే తెగేవాళ్ళు కాదులే అని ఆయన నవ్వేవారు. ఆ పుస్తకాన్ని ఆమె దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోలేదు.

ఆ ఉదయం ఎనిమిదిన్నరకు ఆమె ఒక పెళ్ళికొడుకు ప్యాంటు కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నోటినిండా గుండుసూదులు. మాస్టారు సంచీ తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి నిలబడ్డారు.

"సాయంత్రం నీకో మాట చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది. రాగానే చెప్తాను."

ఆమె "ఊఁ" అంది. సూదులు నోట్లో ఉంటే ఎవరైనా అంతే అంటారు. తల కూడా ఎత్తలేదు. ఎడమకాలు కుడికాలికంటే పావు అంగుళం దిగివుందని ఆమె దృష్టంతా దాని మీద ఉంది. పదకొండు గంటలకు మాస్టారు బోర్డు ముందు సుద్దముక్క పట్టుకునే పడిపోయారు. పక్షవాతం అన్నారు, ఇరవై రెండు రోజులు ఆసుపత్రి. ఇంటికొచ్చేసరికి కుడిచేయి లేదు, కుడికాలు సగం లేదు, మాట మొత్తానికే లేదు.

మాట తెప్పించడానికి ఆసుపత్రి నుంచి ప్రతి బుధవారం ఒక చిన్నపిల్లలాంటి డాక్టరమ్మ వచ్చేది. మీరు మాస్టారేనా అని అడిగితే ఆయన తలూపారు. మీరు చేపా అని అడిగినా తలూపారు. జిప్పులమ్మ ఆ రోజు కర్టెన్ ఇవతలికొచ్చి ఏడ్చింది. డాక్టరమ్మ మంచిదే, ఓపికగా చెప్పింది. విన్నది కొంత తెలుస్తుందట, సొంతంగా మాట కట్టడమే పోయిందట. ఏళ్ళతరబడి నోటికి అరిగిపోయినవి మాత్రం ఒక్కోసారి వాటంతటవే వస్తాయట, కొందరు అంకెలు చెబుతారట, కొందరు పాటలు పాడతారట. వచ్చేదేదైనా సాధారణంగా మొదటి ఏడాదిలోనే వస్తుందని కూడా చెప్పింది. ఇన్ని చెబితే జిప్పులమ్మ చెవిన పడింది ఆ చివరి ముక్క ఒక్కటే. ఏడాది ఉంది. ఆ మాట ఏమిటో ఆయన చెప్పడానికి ఇంకా ఏడాది ఉంది.

ఏమై ఉంటుందని ఆమె ఆలోచించని రోజు లేదు. రిటైరయ్యాక ఎక్కడికైనా వెళ్దామనా? స్కూల్లో ఏదైనా గొడవా? ఒంట్లో బాగాలేదని ముందే తెలిసి దాచారా? ఆయన జీవితంలో ఇంకెవరైనా ఉన్నారా అని కూడా ఒక మధ్యాహ్నం అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది, మళ్ళీ అనుకుంది. "ఏం చెప్పాలనుకున్నారండీ ఆ రోజు?" అని ఎదురుగా కూర్చుని వంద సార్లు అడిగింది. ఎవరిదో రేడియో వింటున్నట్టు ఆయన చూసేవారు. తలూపేవారు. చేపకు ఊపినట్టే.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం, ఆమె తడిబట్టతో మెడ తుడుస్తుంటే, మాస్టారు నోరు తెరిచారు.

"పుయెల్ల ఆక్వమ్ పోర్తత్."

స్పష్టంగా, వెనక బెంచీకి వినబడే గొంతుతో అన్నారు. ఆమె బట్ట పక్కన పడేసి పరుగెత్తి ఎర్ర పుస్తకం తెచ్చింది. వెనక పదాల పట్టీ ఉందని ఆమెకు తెలుసు, అందుకే వెనకనుంచే తెరిచింది. బట్టల లేబుళ్ళు చదివిన అలవాటుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని గంటసేపట్లో మూడు మాటలూ పట్టుకుంది. ఒకటి అమ్మాయి. ఒకటి నీళ్ళు. ఒకటి మోయడం. అర్థమైంది! తనే ఆ అమ్మాయి, దాహం వేస్తోంది పాపం. గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన గ్లాసు వంక చూశారు, ఆమె వంక చూశారు, మళ్ళీ అదే అన్నారు. చల్లటివి కావాలేమో అని చల్లటివి తెచ్చింది. గోరువెచ్చటివి తెచ్చింది. మర్నాడు కూడా అదే మాట. స్నానం చేస్తానంటున్నాడేమో వదినా అని చూడటానికొచ్చిన ఆడపడుచు సలహా ఇచ్చింది. ఇద్దరూ కలిసి నానా తిప్పలు పడి స్నానం చేయించారు. ఒంటినిండా సబ్బుతో కూర్చుని ఆయన ఇంకోసారి అన్నారు, పుయెల్ల ఆక్వమ్ పోర్తత్.

నాలుగు రోజులు ఆ ఇంట్లో నీళ్ళే నీళ్ళు. ఐదోనాడు ఆమె ఓపిక చచ్చి, "అమ్మాయి నీళ్ళు మోస్తోంది, తెల్లారినప్పట్నుంచీ మోస్తూనే ఉంది, ఏ నీళ్ళు కావాలండీ మీకు?" అని చేతిలో ఉన్న స్టీలు గ్లాసు బల్లమీద పెట్టింది. మాస్టారు సంతోషంగా తలూపి వెంటనే వేరే వాక్యం అందుకున్నారు. జిప్పులమ్మకు తత్వం బోధపడింది. ఇన్నాళ్ళూ గాజు గ్లాసులో ఇస్తోంది, ఆయనకు కావలసింది స్టీలు గ్లాసు.

కొత్త వాక్యం విడదీస్తే నావికుడు, ఉత్తరం, ఎదురు చూడటం అని వచ్చింది. ఉత్తరం! ఆయనకు రావలసిన ఉత్తరం ఏదో ఉంది, ఆ మాట దాని గురించే. పైకి ఒక్క ముక్క అనలేదు. దుకాణానికి తాళం వేసి స్కూలుకు వెళ్ళింది. ఆఫీసు గుమాస్తా టపా పుస్తకం తిరగేశాడు. స్టాఫ్ రూమ్‌లో మాస్టారి సొరుగు తీసి చూపించారు. సుద్దముక్కలు, విరిగిన కళ్ళజోడు, ఎవడో కుర్రాడి దగ్గర లాక్కున్న బొంగరం. ఉత్తరం లేదు. హెడ్‌మాస్టరు గారు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏ నావికుడమ్మా అని మెల్లగా అడిగారు. ఇంటికొచ్చి ఆయన ముందు నిలబడి, నావికుడు ఉత్తరం కోసం ఎదురు చూస్తున్నాడన్నారు, వెతికాను, ఏ ఉత్తరమూ రాలేదండీ అని చెప్పింది. ఆయన బాధపడతారేమోనని చెప్పేటప్పుడు చేయి పట్టుకుంది. ఆయనేమీ బాధపడలేదు. తలూపి ఇంకోటి అన్నారు.

"పొయేత రేగీనై రొసమ్ దత్."

ఇది విడదీయడానికి ఆమెకు మరునాటి పొద్దుటిదాకా పట్టింది. కవి. రాణి. గులాబీ. ఇవ్వడం. కవి రాణికి గులాబీ ఇస్తున్నాడు. జిప్పులమ్మ పుస్తకం మూసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి ఒక్కనాడు ఒక్క పువ్వు తెచ్చిన పాపాన పోలేదు. ఎప్పుడో చెప్పాల్సింది అన్నది ఇదా! యాభై ఏడేళ్ళ మనిషికి చెవులు వేడెక్కాయి. సిగ్గుతో ఆయన ముందు నోరు మెదపలేదు. ఆయన మళ్ళీ అన్నారు. అన్నం తినిపిస్తుంటే అన్నారు, దుప్పటి సర్దుతుంటే అన్నారు. ప్రతిసారీ సూటిగా ఆమె కళ్ళలోకి చూస్తూ, ఆమె వినాలని, విని తీరాలని అన్నట్టు అన్నారు. ఆ రెండు రోజులూ ఆమె మిషను తొక్కుతూ తనలో తను నవ్వుకుంది. ఇస్త్రీ బట్టలు తెచ్చిన లాండ్రీ ఆయన, ఏమ్మా లాటరీ తగిలిందా అని అడిగాడు. ఆమె జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నేనైతే ఆ రెండు రోజులనూ అక్కడే ఆపేసి కథ ముగించేవాడిని, కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

మూడోనాడు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, గుబురు మీసం, బస్సెక్కితే డ్రైవరు కూడా సర్దుకుని కూర్చుంటాడు. కొత్త యూనిఫారం ప్యాంటు పొడుగైంది. పీట మీద నిలబడ్డాడు, ఆమె కింద కూర్చుని సూదులు గుచ్చుతోంది. కర్టెన్ అవతలనుంచి గొంతు వినబడింది. పొయేత రేగీనై రొసమ్ దత్. ఇన్‌స్పెక్టరు కాళ్ళు రెండూ దగ్గరికొచ్చాయి. చేతులు ప్రక్కలకు అతుక్కున్నాయి. కర్టెన్ వైపు తిరిగి, పదమూడేళ్ళ పిల్లాడి గొంతుతో జవాబు చెప్పాడు.

"కవి రాణికి గులాబీ ఇస్తున్నాడు, సార్."

అవతలనుంచి తడుముకోకుండా ఇంకో వాక్యం వచ్చింది. ఇన్‌స్పెక్టరు దానికీ చెప్పాడు. ఇంకోటి వచ్చింది. దానికి తప్పు చెప్పినట్టున్నాడు, లోపల కుర్చీ చేతి మీద టక్ టక్ మని రెండుసార్లు కొట్టిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని దిద్దుకున్నాడు.

జిప్పులమ్మ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి అట్టకు గుచ్చింది. ఇదంతా ఏమిటి నాయనా అని అడిగింది. అతను ఎర్ర పుస్తకం తీసుకుని ముందునుంచి తెరిచి, నాలుగో పాఠం చూపించాడు. అభ్యాసం. ఒకటి, నీళ్ళు మోసే అమ్మాయి. రెండు, ఉత్తరం కోసం చూసే నావికుడు. మూడు, కవి, రాణి, గులాబీ. నాలుగు, అయిదు, వరసగా ఉన్నాయి.

"సార్ పద్ధతే అంతమ్మగారూ. వాక్యం చెప్తారు, మనం అర్థం చెప్పాలి. ఒప్పయితే తలూపి తర్వాతది. తప్పయితే రెండు దెబ్బలు బల్లమీద. చెప్పకపోతే అదే మళ్ళీ అంటారు, చెప్పేదాకా వదలరు. ఈ గులాబీ దగ్గర నన్ను రెండు రోజులు నిలబెట్టారు."

ఆ ప్యాంటు ఎడమకాలు అంగుళం పొట్టిగా కుట్టి ఇచ్చింది జిప్పులమ్మ. అన్నేళ్ళ పనిలో మొదటిసారి. అతను చూసుకుని కూడా అలాగే తొడుక్కుని తిరిగాడు. గులాబీ తనకు కాదని తెలిసినందుకు కాదు ఆమె దుఃఖం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏటా అరవైమంది వెధవలకు ఇచ్చిన గులాబీని తనకోసం కోసుకొచ్చారనుకుని రెండు రోజులు మురిసిపోయిందే, అదీ ఆమెను తినేసింది.

వారంపాటు ఆమె ఆయన ముందుకు వెళ్ళింది లేదు, తిండి పెట్టి శుభ్రం చేయడానికి తప్ప. ఆయన వాక్యం చెప్పి చెప్పి ఊరుకునేవారు. తర్వాత ఆమెకే అనిపించింది. ఆ ఇంట్లో తలుపులన్నీ మూసుకుపోయాయి, ఒక్కటే తెరిచి ఉంది. అది బడి తలుపు. బడిలోకి వెళ్తేనే మనిషి కనబడేటట్టయితే బడికే వెళ్దాం, పోయేదేముంది? నేర్చుకుని, ఆయన భాషలోనే అడుగుదాం. అక్కడైనా జవాబు చెబుతారేమో.

అలా జిప్పులమ్మ ఎర్ర పుస్తకం మొదటి పేజీ తెరిచింది. చిన్నప్పుడు డు ము వు లు ప్రథమా విభక్తి అని వల్లెవేసి, మర్చిపోయినందుకు అరచేతి మీద దెబ్బలు తిన్న పిల్లే ఆమె. ఇక్కడా అదే గోల. రాణి వేరు, రాణిని వేరు, రాణికి వేరు, రాణులందరికీ కలిపి ఇంకొకటి. తోకలే మారతాయి, ఆ తోకలు గుర్తుంటేనే ఎవరు ఎవరిని కొట్టారో తెలుస్తుంది. మిషను తొక్కే లయకు వల్లెవేసేది. కత్తిరించడానికి గీతలు గీసే సుద్దతోనే దొరికిన గుడ్డ మీదల్లా రాసుకునేది. ఒకసారి బ్యాంకు మేనేజరు కోటు లోపలి గుడ్డ మీద బల్ల అనే మాటకున్న పన్నెండు రూపాలూ రాసి, చెరపడం మర్చిపోయి, పైన అస్తరు వేసి కుట్టేసింది. ఆయన ఇప్పటికీ ఆ కోటు వేసుకునే బ్యాంకుకు పోతున్నాడు, వీపు మీద వ్యాకరణం ఉందని తెలియదు. ఇన్‌స్పెక్టరు డ్యూటీ లేని పూట వచ్చి ఉచ్చారణ దిద్దేవాడు. ఆ లాటిన్‌లోనే మూడుసార్లు పరీక్ష తప్పినవాడు దిద్దితే ఎలా ఉంటుందో అలాగే ఉండేది.

రోజూ నాలుగు గంటలకు దుకాణం కర్టెన్ వేసి, మాస్టారి ఎదురుగా ఎత్తు పీట మీద కూర్చునేది. ఆయన చెప్పేవారు, ఆమె అర్థం చెప్పేది. ఆ గంటసేపు ఆ మనిషి మనిషిలా ఉండేవారు. వంగిన వెన్ను నిలబడేది, ఎడమచేతి వేళ్ళు కుర్చీ చేతి మీద సిద్ధంగా ఉండేవి, కళ్ళలో ఆ పాత చురుకు ఉండేది. ఇంత ముచ్చటైన ముఖం ముప్పై ఏళ్ళూ తనకు కాకుండా ఆ కుర్రకుంకలకు చూపించారా అని ఆమెకు మండేది. గంట కాగానే దీపం తీసేసినట్టు అంతా పోయేది. ఆమె చేయి పట్టుకుంటే ఆ చేయి ఎవరిదో ఆయనకు పట్టేది కాదు. ఆడపడుచు ఒకసారి ఇదంతా గుమ్మంలో నిలబడి చూసింది. కోపంతో కాదు, జాలితోనే అన్నది.

"వదినా, అన్నయ్య నిన్ను చూడట్లేదు. అక్కడ ఎవరు కూర్చున్నా అలాగే చూస్తాడు."

జిప్పులమ్మకు తెలియదా? తెలుసు. ఎన్నో ఏళ్ళు భార్యగా తిరిగిన ఇంట్లో ఇప్పుడు వెనక బెంచీ విద్యార్థిని, అదీ వయసు మీరాక చేరిన మొద్దు విద్యార్థిని. తెలిసి ఏం చేస్తుంది? ఆడపడుచు ముందు తల వంచుకుని ఒక బొత్తాం కుట్టుకుంటూ ఉండిపోయింది. ఆమె వెళ్ళాక బొత్తాం ఊడదీసి సరైన చోట మళ్ళీ కుట్టింది.

పదో నెలలో డాక్టరమ్మ, ఇకనుంచి నెలకొకసారి వస్తే చాలనుకుంటాను అని నేలచూపులు చూస్తూ చెప్పింది. దాని అర్థం చెప్పడానికి ఏ పదాల పట్టీ అక్కర్లేదు. ఆ రోజే జిప్పులమ్మ తన వాక్యం కట్టడం మొదలుపెట్టింది. అప్పటికి ఇరవై అయిదో పాఠంలో ఉన్నారు. నువ్వు నాకు ఏం చెప్పాలనుకున్నావు, ఇంతే కావాలి. పుస్తకంలో రాజులు కోటలు కట్టడానికి, సైనికులు నదులు దాటడానికి వాక్యాలున్నాయి, ఒక పెళ్ళాం మొగుణ్ణి ఇంత చిన్న ప్రశ్న అడగడానికి లేదు. "ఏం" దొరికింది. "చెప్పడం" దొరికింది. "అనుకోవడం" అన్నది ఏ వరసలోనూ ఇమడని పెంకి క్రియ, ఎక్కడో ముప్పయ్యో పాఠం చివర చిన్న అక్షరాల్లో ఉంది. నాలుగు మాటలు ఏరి, తోకలు తగిలించి, విప్పి, మళ్ళీ తగిలించి, మూడు వారాలు పట్టింది. పుస్తకంలో లేని వాక్యం కట్టడమంటే కొత్త బట్ట కుట్టడమే, ఆ పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

మొదటి రోజు పాఠం మధ్యలో, ఆయన తర్వాతి వాక్యం అందుకోకముందే, ఆమె తనది చెప్పింది. మాస్టారు తల పక్కకు వాల్చి విన్నారు. కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు. తప్పు. ఆమెకు ఏడుపు రావాల్సింది, సంతోషం వచ్చింది. ఇది నాలుగో పాఠంలో లేదు, నలభయ్యో పాఠంలో లేదు, ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ కుర్రాడూ ఆయన ముందు అనలేదు. అయినా తప్పు పట్టారంటే విన్నట్టే. విన్నారంటే అర్థమైనట్టే కదా! ఆ రాత్రికి పుస్తకం ముట్టుకోకుండా, పొద్దున్నే లేచి వెతికితే "నాకు" అనాల్సినచోట "నన్ను" అన్నానని తేలింది. దిద్దుకుంది.

రెండో రోజు మళ్ళీ రెండు దెబ్బలు. ఈసారి ఎక్కడ తప్పిందో ఎంత వెతికినా దొరకలేదు. ఇన్‌స్పెక్టరు డ్యూటీ నుంచి టోపీతోనే వచ్చి, కాగితం చూసి, మెల్లగా నవ్వాడు. ఆమె మొగుణ్ణి "మీరు" అని అడిగింది. ఆ భాషలో మీరు అంటే చాలామంది అట. ఒక్క మనిషైతే, రాజైనా సరే, "నువ్వు" అనాల్సిందేనట. ఆ తప్పు మేమందరం చేసి బల్లమీద దెబ్బలు విన్నవాళ్ళమే అమ్మగారూ అని చెప్పాడు. జిప్పులమ్మ ఆలోచనలో పడింది. పెళ్ళైన నాటినుంచి ఆయన్ని నువ్వు అన్నది లేదు, కోపంలో కూడా అనలేదు. ఆ సాయంత్రమంతా దుకాణంలో ఒంటరిగా నువ్వు, నువ్వు అని అలవాటు చేసుకుంది. అంటున్నకొద్దీ ఆయన దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది.

మూడో రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. నాలుగు గంటలకు వీధిలో బస్సులు తిరిగే వేళ, కిటికీలోంచి ఎండ ఆయన మోకాళ్ళ మీద పడుతోంది. అయిదు వాక్యాలయ్యాయి. ఆరోది ఆయన చెప్పబోతుంటే ఆమె చేయెత్తి ఆపింది. గొంతు సవరించుకుంది.

"క్విద్ మిహి దీకెరె వొలుయిస్తి?"

నువ్వు నాకు ఏం చెప్పాలనుకున్నావు?

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా లోపల ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నట్టు ఆయన పెదవులు కదిలాయి. వేళ్ళు కుర్చీ చేతి మీదకు లేచాయి. వేళ్ళు కొట్టలేదు, మెల్లగా కిందికి దిగాయి. ఆయన కళ్ళు తెరిచి ఆమెను చూశారు. ముఖమంతా విప్పారింది. అంత తృప్తిగా నవ్వడం ఆమె ఏడాదిగా చూడలేదు, నిజం చెప్పాలంటే అంతకుముందు కూడా చూడలేదు.

తలూపారు. ఒప్పు. ఒక్క తప్పు కూడా లేదు.

ఆమె ముందుకు వంగింది. చెప్పండి అని అనబోయి, నువ్వు చెప్పు అనాలేమోనని తడబడి, ఆయన నోటి వైపే చూస్తూ కూర్చుంది.

"మెర్కాతోర్ త్రేస్ ఎక్వోస్ వెందిదిత్."

ఇది ఇరవై ఎనిమిదో పాఠం. ఆయన కాసేపు ఆగి, చదువులో వెనకబడిన పిల్లను తొందరపెట్టని మంచి మాస్టారులా, ఓపికగా, ఇంకోసారి చెప్పారు. బయట ఎవరో దుకాణం తలుపు తట్టి, జిప్పులమ్మా అని పిలిచి, జవాబు రాకపోతే వెళ్ళిపోయారు. ఆయన మూడోసారి చెప్పారు. వేళ్ళు కుర్చీ చేతి మీద ఎదురు చూస్తున్నాయి.

"వర్తకుడు మూడు గుర్రాలు అమ్మాడండీ" అని చెప్పింది ఆమె.

మాస్టారు తలూపారు.